లెక్కకు అందని ఓరుగల్లు శ్రమ

శ్రమ, సంక్షేమం, వలస, సంఘర్షణ అన్న నాలుగు మాటలు సామాజిక పరిశోధనలో నాలుగు వేర్వేరు శాఖలుగా స్థిరపడ్డాయి. శ్రమను కార్మిక శాఖ నివేదికల్లో, సంక్షేమాన్ని బడ్జెట్ పద్దుల్లో, వలసను జనగణన పట్టికల్లో, సంఘర్షణను పోలీసు రికార్డుల్లో వెతకడం పరిశోధకులకూ ప్రభుత్వాలకూ అలవాటైపోయింది. ఉమ్మడి వరంగల్ జిల్లా గత తొంభై ఏళ్ల చరిత్రను ఇంటి స్థాయికి దిగి చూస్తే మాత్రం ఈ నాలుగూ ఒకే గడప దాటి లోపలికి వచ్చినట్టు కనిపిస్తుంది. తాత ఆజంజాహి మిల్లు కార్మికుడు, తండ్రి భివండిలో సాంచాల మీద పనిచేసే నేతగాడు, చిన్నాన్న ఊళ్లో కౌలుకు పత్తి వేసి అప్పులపాలైన రైతు, మేనమామ ఒకప్పుడు రైతుకూలీ సంఘంలో తిరిగి జైలు చూసినవాడు అయిన కుటుంబాలు ఈ ప్రాంతంలో అరుదు కాదు. అటువంటి కుటుంబాన్ని ఏ ఒక్క శాఖ లెక్కా పూర్తిగా పట్టుకోలేదు. ఆ లెక్కను నమ్ముకుని కట్టిన సంక్షేమ పథకం ఆ ఇంటిదాకా రాదు. పరిశోధన పద్ధతుల మీద చర్చ పండితుల వ్యవహారంలా కనిపించినా, దాని ఫలితం చివరికి రేషన్ కార్డులోనూ, పరిహారం చెక్కులోనూ, పిల్లల కుల ధ్రువపత్రంలోనూ తేలుతుంది.

ఆధునిక పరిశ్రమ అన్నది వరంగల్ జనానికి ప్రధానంగా ఆజంజాహి మిల్లు రూపంలోనే ఎదురైంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెద్ద కుమారుడు ఆజం జా పేరిట 1934లో నెలకొన్న ఈ మిల్లు, చుట్టుపక్కల నల్లరేగడిలో పండిన పత్తిని ఇక్కడే వడికి, ఇక్కడే నేసి, ఇక్కడి మనుషులకే జీతం ఇచ్చిన ఏర్పాటు. అప్పటికి పల్లెల్లో వెట్టి, అంటే కూలి ఇవ్వకుండా దొరలూ అధికారులూ చేయించుకునే నిర్బంధ చాకిరీ, ఇంకా నడుస్తూనే ఉంది. ఊరి గడీ ముందు పొద్దూమాపూ తేడా లేకుండా నిలబడాల్సిన మనిషికి మిల్లు గేటు లోపల పనిగంటలు, జీతం రోజు, కార్మిక సంఘం అన్నవి పరిచయం కావడం చిన్న మార్పు కాదు. ఆ మార్పు విలువను ఉత్పత్తి అయిన గజాల బట్టతోనే కొలిచినవారు అందులో సగాన్ని వదిలేశారనే చెప్పాలి. తర్వాతి కాలంలో మిల్లు నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వచ్చింది. పాతబడిన యంత్రాలు, పేరుకుపోయిన నష్టాల మధ్య 1990ల నుంచి స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలతో కార్మికులను సాగనంపుతూ చివరికి మూతపడింది. మిల్లు భూముల్లో కొంత ఇప్పుడు ఓ సిటీ పేరుతో ఇళ్ల కాలనీ. పత్తి మాత్రం మునుపటికంటే ఎక్కువగానే పండుతోంది, కాని గింజ తీసిన దూది బేళ్లుగా కట్టుకుని బయటికి పోతోంది. పత్తి వెళ్లిన దారినే నేతగాడూ వెళ్లాడు.

మిల్లుకంటే ఎంతో ముందునుంచే ఇక్కడ చేనేత ఉంది. వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు పేరుపొందిన నేతపేట. మొగలుల కాలం నాటి తివాచీ నేతకు వారసత్వంగా చెప్పుకునే ఈ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తిగా చట్టరక్షణ, దక్కింది. జంపఖానా నేతను దగ్గరగా చూస్తే శ్రమను లెక్కించడంలో ఉన్న చిక్కు వెంటనే తెలుస్తుంది. మగ్గం మీద బిగించిన పడుగు పోగుల మధ్య రంగురంగుల పేకను వేళ్లతో దూర్చి, దువ్వెనలాంటి పనిముట్టుతో వరస వరసకూ గట్టిగా కొట్టి కూర్చే మనిషి కార్మికుడిగా నమోదవుతాడు. అంతకు ముందే పొద్దున లేచి నూలు చిలపలను తోడి, కండెలు చుట్టి, తెగిన పోగులను అతికి పెట్టిన ఇల్లాలి పని ఇంటిపనిలో కలిసిపోతుంది, ఆమె ఖాతాలో పైసా పడదు. 2019–20లో జరిగిన నాలుగవ జాతీయ చేనేత గణన అనుబంధ పనులను కూడా లెక్కలోకి తీసుకుంది; దేశంలోని 35 లక్షలకు పైగా చేనేత, అనుబంధ కార్మికుల్లో 70 శాతానికి మించి మహిళలేనన్న సంగతి స్పష్టంగా బయటపడింది. ఆ మహిళలు నిన్నమొన్న పనిలోకి వచ్చినవారు కారు. అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అడిగాక కనిపించినవారు.

నేతగాళ్ల వలసకు కూడా పాత చరిత్రే ఉంది. పంతొమ్మిదో శతాబ్దం నుంచే తెలుగు నేత కుటుంబాలు షోలాపూర్ చేరి అక్కడి చద్దర్ల పరిశ్రమకు చేతులయ్యాయి. బొంబాయి కట్టడాల్లో రాళ్లు మోసిన తెలుగు కూలీలను కామాఠీలు అన్నందువల్లనే అక్కడ ఒక పేటకు కామాఠిపుర అన్న పేరు నిలిచింది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మెలో పాల్గొన్న సుమారు రెండున్నర లక్షలమందిలో తెలుగువారూ ఉన్నారు. ఆ సమ్మె తర్వాత పెద్ద మిల్లులు కోలుకోలేదు. నేత పని చిన్న చిన్న షెడ్లలోని మరమగ్గాలకు మళ్లి, భివండి, సూరత్ వంటి పట్టణాలు పెరిగాయి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ పల్లెల పద్మశాలీ కుటుంబాలు ఆ షెడ్ల చుట్టూ కట్టుకున్న పేటలే భివండిలోని పద్మనగర్, సూరత్‌లోని లింబాయత్ వంటివి. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. ఒక్కో మనిషి నాలుగు, ఆరు సాంచాలను పన్నెండు గంటల పాళీలో నడుపుతాడు, కూలి మాత్రం నేసిన మీటర్ల లెక్కన వస్తుంది. కరెంటు పోయినా, పడుగు చుట్టిన బీము ఆలస్యమైనా ఆ నష్టం షెడ్డు యజమాని సేటుది కాదు, నేసేవాడిది.

దక్షిణ గుజరాత్‌లో దశాబ్దాలపాటు పల్లెల్లోనూ సూరత్ వాడల్లోనూ తిరిగి పరిశోధించిన డచ్ సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ ఈ తరహా కదలికను చక్రీయ వలసగా వర్ణించారు. ఊరు వదిలి పట్టణంలో స్థిరపడిపోవడం కాక, పట్టణం పూర్తిగా ఇముడ్చుకోకా, ఊరు పూర్తిగా పోషించకా, మనిషి రెండింటి మధ్య ఏళ్ల తరబడి తిరుగుతూ ఉండిపోవడాన్ని చక్రీయ వలస అంటారు. కరువు తోసేస్తే జీతం లాగుతుందని చెప్పే పాత సిద్ధాంతానికి ఇందులో అర్థమయ్యేది కొంతే. తోసే చేయీ, లాగే చేయీ కలిసి మనిషిని ఎక్కడా నిలవనీయకుండా ఉంచడమే ఆ పరిశ్రమకు లాభం, ఎందుకంటే ఎక్కడా నిలవని మనిషి సంఘం పెట్టడు, కూలి పెంచమని గట్టిగా అడగడు, జబ్బుపడితే ఊరికి పోతాడు.

ప్రభుత్వ గణాంకాలు ఈ తిరుగుడును పట్టుకోగల తీరులో తయారు కాలేదు. జనగణన పుట్టిన ఊరును, చివరగా నివసించిన ఊరును అడుగుతుంది. జాతీయ నమూనా సర్వే 2007–08లో చేసిన 64వ విడత అధ్యయనం, ఏడాదిలో ఒక నెల నుంచి ఆరు నెలలలోపు పనికోసం బయట ఉన్నవారిని స్వల్పకాలిక వలసదారులుగా విడిగా లెక్కించింది. భివండిలో పది నెలలు ఉండి, బతుకమ్మకూ సంక్రాంతికీ వచ్చి, ఓటు, రేషన్ కార్డు ఊళ్లోనే ఉంచుకున్న నేతగాడు ఈ నిర్వచనం ప్రకారం స్వల్పకాలిక వలసదారు కాడు. అతని మనసు ప్రకారం మహారాష్ట్ర నివాసీ కాడు. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే జరిపినప్పుడు భివండి, సూరత్, ముంబయిల నుంచి బస్సులూ రైళ్లూ నిండిపోయి జనం ఊళ్లకు రావడంలోని అర్థం ఇదే. పేరు రాయించుకోకపోతే పింఛనూ, రేషనూ, ఇల్లూ పోతాయన్న భయంతో కూలి పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని, ఒక్క రోజు ఇంట్లో ఉన్నట్టు చూపించుకోవడానికి మనుషులు వందల కిలోమీటర్లు ప్రయాణించారు. ఆ రోజు వాళ్లు తమ గడపలో కూర్చుని ఇచ్చిన సమాధానాలు నిజమే, అయినా ఆ మరునాడు ఆ ఇళ్లకు మళ్లీ తాళాలు పడ్డాయన్న నిజం ఆ కాగితాల్లోకి ఎక్కలేదు.

పత్తి రైతు విషయంలో లెక్కల లోపం ప్రాణాలతో ముడిపడింది. 1997–98లో అకాల వర్షాలకు తోడు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు విజృంభించి ఎన్ని మందులు కొట్టినా లొంగకపోవడంతో పంట పోయి, ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే వందకు పైగా పత్తి రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. చాలామంది తాగింది చేనుకు కొట్టగా మిగిలిన పురుగుమందే. పురుగు, వాన అన్నవి పైకి కనిపించిన కారణాలు. లోపలి కారణం అప్పు నడిచే తీరులో ఉంది. విత్తనం, ఎరువు, మందు అరువిచ్చే దుకాణదారే, లేదా అతనితో లావాదేవీలున్న మనిషే, పంట వచ్చాక పత్తి కొనేవాడు కూడా అయినప్పుడు రైతు ధర అడగగల స్థితిలో ఉండడు. అర్థశాస్త్రం దీన్ని ముడిపడిన మార్కెట్లు అంటుంది. అప్పు ఇచ్చే చేతికీ సరుకు కొనే చేతికీ ముడి పడి ఉండటం వల్ల వడ్డీ ఎంతో, తక్కువ ధర రూపంలో పోయింది ఎంతో విడదీసి చూపడం సాధ్యం కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన రైతు చేతికి వచ్చే తక్‌పట్టీ అనే అమ్మకం చీటీ మీద బస్తాల తూకం, ధర, అడ్తి కమీషన్, హమాలీ, దడువాయి చార్జీలు వరసగా ఉంటాయి. ఆ చీటీ మీద ఎక్కడా లేనిది, జూన్‌లో అరువు తెచ్చిన విత్తనానికి నవంబర్ దాకా నడిచిన వడ్డీ. బ్యాంకు రుణాల గణాంకాలతోనే రైతు అప్పును కొలిచిన నివేదికలు సరిగ్గా ఆ ఖాళీ దగ్గరే తప్పాయి. ఆర్థికవేత్త ఇ. రేవతి 1998లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో, ఆత్మహత్యల చర్చలో తప్పిపోతున్న అంశాల మీదనే వ్యాసం రాయవలసి వచ్చింది.

2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చాక చర్చ అంతా ఆ విత్తనం వరమా శాపమా అన్న వాదంగా మారిపోయింది. అమెరికా మానవశాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ ఆ వాదంలో ఒక పక్షం చేరకుండా, వరంగల్ జిల్లా పల్లెల్లో ఏటేటా తిరిగి, రైతు ఏ విత్తనం కొన్నాడు, ఎందుకు కొన్నాడు, నిరుడు ఏది వేశాడు అన్న మామూలు ప్రశ్నలనే ఓపికగా అడిగారు. 2007లో కరెంట్ ఆంత్రొపాలజీలో వెలువడిన ఆయన పరిశోధన చెప్పినది, వరంగల్ పత్తి రైతు నైపుణ్యాన్ని కోల్పోతున్నాడని. రైతు సేద్యాన్ని రెండు దారుల్లో నేర్చుకుంటాడు. ఒకటి తన చేలో వేసి చూసి ఫలితాన్ని అంచనా కట్టడం, రెండోది తోటి రైతును చూసి అనుసరించడం. మార్కెట్లో వందల పేర్లతో విత్తనాలు వచ్చి, ఏటా పేర్లు మారుతూ, ఒకే రకానికి రెండు మూడు పేర్లు ఉండి, నిరుడు బాగా కాసిన ప్యాకెట్టు ఈ ఏడు దొరకకుండా పోతున్నప్పుడు మొదటి దారి మూసుకుపోతుంది. అప్పుడు ఊరు ఊరంతా కారణం లేకుండానే ఒక పేరు మీద పడటం, మరుసటి ఏడు అంతే వేగంగా దాన్ని వదిలేయడం జరుగుతుంది. రైతు మూర్ఖత్వంగా బయటివారికి కనిపించిన ఈ ప్రవర్తన, తెలుసుకునే దారులన్నీ మూసేసిన మార్కెట్ ఫలితమని ఈ పరిశోధన నిరూపించింది. తర్వాత ఆండ్రూ ఫ్లాక్స్ తెలంగాణ పల్లెల్లో చేసిన అధ్యయనం 2019లో పుస్తకంగా వచ్చి, విత్తనం ఎంపికలో దిగుబడి ఆశతోపాటు ఊళ్లో పరువు, నలుగురిలో మంచి రైతు అనిపించుకోవాలన్న తపన ఎలా పనిచేస్తాయో చూపింది. ఒకే చోటికి పదే పదే వెళ్లే పరిశోధన తప్ప మరేదీ ఈ సంగతులను బయటికి తేలేదు.

సంక్షేమం అసలు పరీక్ష ఈ రైతు ఆత్మహత్యల దగ్గరే ఎదుర్కొంది. 2004 జూన్ 1న వెలువడిన 421వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ప్రకటించింది. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో ఆ మొత్తం ఆరు లక్షలకు పెరిగింది. డబ్బు ఇవ్వడానికి ముందు రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారులతో కూడిన త్రిసభ్య కమిటీ వచ్చి, చనిపోయింది రైతేనా, కారణం వ్యవసాయమేనా అని తేల్చాలి. రైతే అనడానికి పట్టాదారు పాసుపుస్తకం కావాలి, అప్పు ఉందనడానికి కాగితం కావాలి. నోటిమాట మీద కౌలుకు తీసుకుని, దుకాణంలో అరువు మీద సాగు చేసినవాడికి ఆ రెండూ ఉండవు. 2011 నాటి చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇమ్మన్నా, భూయజమాని తన హక్కుకు ముప్పని భయపడి ఒప్పుకోకపోవడంతో అవి చేరవలసిన వారికి చేరలేదు. భర్తతో సమానంగా చేలో పనిచేసి, అప్పు భారం తానే మోసి చనిపోయిన స్త్రీ భూమి ఆమె పేరిట లేనందున గృహిణిగా నమోదవుతుంది. స్వామినాథన్ కమిషన్ సిఫార్సుల తర్వాత వచ్చిన 2007 నాటి జాతీయ రైతు విధానం, కౌలుదారులను, వ్యవసాయ కూలీలను, మహిళలను కూడా కలిపి రైతు అన్న మాటకు విశాలమైన నిర్వచనం ఇచ్చింది. ఆ నిర్వచనాన్ని పథకాలు పట్టించుకోలేదు. 2018 మేలో ఎకరాకు 4 వేల రూపాయలతో మొదలైన రైతుబంధు పట్టాదారుకే వెళ్లింది. ఆ ఏడు ఆగస్టులో వచ్చిన రైతుబీమా కూడా అంతే. జాతీయ నేర గణాంకాల సంస్థ 2014 నుంచి రైతుల, వ్యవసాయ కూలీల ఆత్మహత్యలను వేర్వేరు వరుసల్లో చూపడం మొదలుపెట్టినప్పుడు, కౌలురైతు రైతుల వరుసలో పడతాడా కూలీల వరుసలో పడతాడా అన్నది స్టేషన్‌లో రాసే మనిషి చేతిలోకి వెళ్లింది. రైతుల మరణాలు తగ్గాయో, నిర్వచనం మారిందో తెలియని లెక్కతో ఎవరు ఎవరికి జవాబు చెప్పగలరు?

2025 జనవరిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12 వేలు ఇచ్చే పథకంగా ఈ లోటులో కొంత తీర్చబోయింది, అది మెచ్చుకోదగినదే. కాని ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలన్న షరతు వల్ల, పనికోసం ఊరు విడిచి వెళ్లిన కుటుంబం, అంటే అందరికంటే ముందుగా సాయం అవసరమైన కుటుంబం, అర్హత కోల్పోయే వీలు ఏర్పడింది.

సంఘర్షణ విషయానికి వస్తే వరంగల్ పేరు వినగానే తుపాకీ, ఎన్‌కౌంటర్, నిషేధం అన్న మాటలే ముందుగా గుర్తుకు వచ్చేలా దశాబ్దాల వార్తలు అలవాటు చేశాయి. 1980లో నక్సలైట్ పార్టీ పీపుల్స్ వార్‌ను స్థాపించిన కొండపల్లి సీతారామయ్య అంతకుముందు కాజీపేట సెయింట్ గాబ్రియేల్ పాఠశాలలో హిందీ ఉపాధ్యాయుడు. ఆ ఉద్యమం పల్లెల్లో నిలదొక్కుకున్నది మాత్రం శ్రమ ప్రశ్నల మీదనే. పాలేరు జీతం, నాటు కూలి, వెట్టి రద్దు, అడవిలో 50 ఆకుల తునికాకు కట్టకు ఇచ్చే పైసలు అన్నవే దాని తొలి డిమాండ్లు. తునికాకు కట్ట ధర కోసం జరిగిన గొడవ కార్మిక శాఖ దృష్టిలో పారిశ్రామిక వివాదం కాదు, ఎందుకంటే అది ఫ్యాక్టరీలో జరగలేదు; పోలీసు దృష్టిలో అది శాంతిభద్రతల సమస్య. కూలి తగాదాను కార్మిక న్యాయంగా పరిష్కరించే వ్యవస్థ పల్లెలో లేనందువల్ల అది తుపాకుల మధ్యకు చేరిందన్న వాస్తవం ఈ రెండు దృష్టులకూ అందదు. 1990 మేలో వరంగల్‌లో జరిగిన రైతుకూలీ సంఘం మహాసభకు లక్షల్లో జనం వచ్చారు. రెండేళ్లకు, 1992 మేలో, పార్టీతోపాటు దాని పలు ప్రజాసంఘాలు నిషేధానికి గురయ్యాయి.

ఆ కాలంలో వరంగల్ సామాజిక పరిశోధనకు అందించిన విలువైన పద్ధతి నిజనిర్ధారణ. సంఘటన జరిగిన చోటుకు కొందరు పౌరులు కలిసి వెళ్లి, బాధితులనూ ఊరివారినీ అధికారులనూ అడిగి, విన్నదాన్ని ఒకదానితో ఒకటి సరిచూసుకుని నివేదిక రాయడాన్ని నిజనిర్ధారణ అంటారు. 1980ల తొలినాళ్లలో కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన కె. బాలగోపాల్ పౌరహక్కుల సంఘం తరఫున ఈ పనిని శాస్త్రీయ క్రమశిక్షణతో చేశారు. ఒక ఎన్‌కౌంటర్ గురించి రాసినా ఆ ఊళ్లో భూమి ఎవరి చేతిలో ఉంది, కూలి ఎంత, సర్కారు కాంట్రాక్టులు ఎవరికి పోతున్నాయి అన్నది ముందు తేల్చుకోవడం ఆయన పద్ధతి, 1988లో వచ్చిన ఆయన ఆంగ్ల గ్రంథం వ్యవసాయ వర్గాలూ సంఘర్షణల రాజకీయార్థిక విశ్లేషణే. రాజ్యహింసను ప్రశ్నించిన ఆయనే నక్సలైట్ల చేతుల్లో జరిగిన హత్యలను కూడా ప్రశ్నించి, 1998లో మానవహక్కుల వేదిక ఏర్పాటులో ముందు నిలిచారు. ఈ పని ఖరీదు చిన్నది కాదు. వరంగల్ పౌరహక్కుల నాయకులైన పిల్లల వైద్యుడు డాక్టర్ ఎ. రామనాథం 1985లో, న్యాయవాది నర్రా ప్రభాకర్ రెడ్డి 1991లో హత్యకు గురయ్యారు. నిజం తెలుసుకోవడానికి తిరిగినందుకు ప్రాణాలు పోయిన జిల్లాలో పరిశోధన అన్న మాటను తేలికగా వాడకూడదు.

నాలుగు ముక్కలూ ఒకే మనిషి మీద కలిసి పడటం ఇప్పుడు ఉమ్మడి జిల్లా ఉత్తరపు అంచున, గోదావరి ఒడ్డు అడవుల్లో కనిపిస్తుంది. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం మొదలయ్యాక, మావోయిస్టులకూ ప్రభుత్వ అండ ఉన్న ఆ సాయుధ దళాలకూ మధ్య ఊళ్లు కాలిపోతుంటే, బస్తర్ ఆదివాసీలు సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లో గూడేలు కట్టుకున్నారు. ఇక్కడ వీరిని గుత్తి కోయలంటారు. సల్వా జుడుం రాజ్యాంగ విరుద్ధమని నందినీ సుందర్ తదితరుల కేసులో సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు ఇచ్చినా, వచ్చినవారిలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి సాగులో ఉండాలి. అంటే సల్వా జుడుం మంటలకు పారిపోయి వచ్చినవారిలో అత్యధికులకు ఆ తేదీయే తలుపు మూసింది. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, సరిహద్దు దాటిన ఆదివాసీకి ఇక్కడ ఆదివాసీ అన్న ధ్రువపత్రం రావడమే కష్టం. చివరికి మిగిలేది కూలి. జనవరి నుంచి ఏటూరునాగారం, వాజేడు, వెంకటాపురం వైపు మిర్చి ఏరుడుకు వీరూ, వీరితోపాటు బస్తర్ నుంచి నేరుగా వచ్చే ముఠాలూ కావాలి. తెల్లవారుజామున చేలో వంగి, మధ్యాహ్నం ఘాటుకు కళ్లు మండుతుండగా ఎండుకాయ ఏరి, రాత్రి చేను పక్కనే టార్పాలిన్ పట్టాల కింద పడుకునే ఆ మనుషులకు మేస్త్రీ పేరు తప్ప ఏ యజమాని పేరూ తెలియదు.

2020లో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు చెందిన పన్నెండేళ్ల బాలిక ఇలాగే ములుగు జిల్లా మిర్చి చేలకు వచ్చింది. లాక్‌డౌన్‌తో పని ఆగిపోయినప్పుడు తోటివారితో కలిసి అడవి దారుల వెంట మూడు రోజులు నడిచి, ఏప్రిల్ 18న ఇంటికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ప్రాణం విడిచింది. ఐదుగురు, అంతకుమించిన కూలీలను వేరే రాష్ట్రం నుంచి తెచ్చే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలని, ఒక్కొక్కరికీ పాసుపుస్తకం ఇవ్వాలని, రానూపోనూ ఖర్చు భరించాలని చెప్పే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అప్పటికి 1979 నుంచీ ఉండేది. మిర్చి ముఠాల మేస్త్రీల మీద దాని నీడైనా పడలేదు. ఆమె చేసింది శ్రమ, వచ్చింది వలస, పుట్టింది సంఘర్షణ ప్రాంతంలో, అందవలసింది సంక్షేమం. నాలుగింటిలో ఏ పుస్తకంలోనూ ఆమె పేరు ముందుగా లేదు, చనిపోయాకనే పత్రికల్లోకి వచ్చింది. మరో రెండు వారాలకు, మే 1న, దేశంలో వలస కూలీలను ఇళ్లకు చేర్చే మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది.

ఇప్పుడు గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు లేస్తోంది. 2017 అక్టోబర్ 22న శంకుస్థాపన జరిగినప్పుడు చెప్పిన ముఖ్యమైన మాట, సూరత్, భివండి వెళ్లిన నేతన్నలను వెనక్కి తెచ్చుకోవడమే. 2023లో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర పార్కుల్లో వరంగల్‌కూ చోటు దక్కింది. పసిపిల్లల దుస్తులు కుట్టే, ప్లాస్టిక్ సీసాల నుంచి దారం తీసే పరిశ్రమలు వచ్చాయి. సాంచా మీద ముప్పై ఏళ్లు గడిపిన యాభై ఏళ్ల మనిషికి కుట్టుమిషన్ల వరసలో పని దొరకడం సులభం కాదు, ఆ పని ఎక్కువగా యువతుల చేతుల్లోకి వెళుతుంది. అది తప్పు కాదు, ఎందరో ఆడపిల్లలకు అది మొదటి జీతం. అయితే తిరిగి రావాలన్న నేతగాళ్లు ఎందరు, వారికి తెలిసిన పని ఏది, వారి పిల్లలు ఏ భాషలో చదువుతున్నారు అన్నది భివండి పద్మనగర్‌కు వెళ్లి అడిగి తెలుసుకోనంతవరకు వెనక్కి తేవడమన్నది మాటగానే ఉంటుంది. జిల్లా 2016లో ఐదు ముక్కలై, తర్వాత ఆరై, పేర్లు కూడా మారడంతో పాత గణాంకాలతో కొత్తవాటిని పోల్చడం ఇంకా కష్టమైంది. ఆ పోల్చి చూసే పనిని ఉమ్మడి జిల్లా పరిధిలోని కాకతీయ విశ్వవిద్యాలయ విభాగాలు చేపట్టకపోతే వేరెవరూ చేపట్టరు.

తదుపరి జనగణనకు ప్రామాణిక ఘడియను 2027 మార్చి 1వ తేదీ మొదటి క్షణంగా కేంద్రం నిర్ణయించింది, అంతకు ముందు ఫిబ్రవరిలో గణకులు ఇంటింటికీ తిరుగుతారు. ఆ రోజుల్లో కొత్తవాడ నేతగాడి అన్న భివండిలో ఉంటాడు, ఏటూరునాగారం చేలల్లో మిర్చి ఏరుడు ముమ్మరంగా సాగుతూ ఉంటుంది. గణకులు ఆ చేల దాకా, పట్టాల కింద పడుకున్నవారి దాకా వెళ్లాలి. వెళ్లి, పేరూ ఊరూ రాసుకున్నాక, ఏడాదిలో ఎన్ని నెలలు ఎక్కడ, ఎవరి కింద పనిచేశారని కూడా అడగాలి.